పొద్దుటి ప్రూఫు

ఆవిడ పోయారని తెలిసిన రోజు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ ఏదో ఒకటి రాశారు. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. "మీరు అంత దగ్గరివారు కదా, ఏమీ రాయలేదేంటండీ?" అని ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగారు కూడా. అరవై దాటేవరకు నాకు అక్షరాలు రావు. వచ్చాక కూడా సరుకుల చీటీ తప్ప ఇంకేమీ రాసినదాన్ని కాదు. ఒక పేజీ రాయడానికి నాకు పెళ్ళివంట వండినంత సేపు పడుతుంది. అది ఒక కారణం. రెండోది, ఆవిడ గురించి రాయాలంటే ముందు నా సంగతి రాయాలి. మా వాళ్ళలో చాలామందికి అది తెలిసిందే. తెలిసినదైనా సరే, కాగితం మీద పెట్టబోతే చెయ్యి వెనక్కి వచ్చేది. అలా చలికాలమంతా గడిచిపోయింది.

గ్రూపులో రాసినవాళ్ళు అబద్ధాలేమీ రాయలేదు. ఎక్కడ చదివారు, ఏ ల్యాబులో ఎంతకాలం మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు, రిటైరయ్యాక ఎంత సేవ చేశారు, అన్నీ ఉన్నాయి. అవన్నీ చదువుతుంటే (చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది) అందులో ఆవిడ కనబడలేదు. వేరుశెనగ గింజ చేతిలో పెడితే దాన్ని నోట్లో వేసుకునే ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పే మనిషి కనబడలేదు.

అది అచ్చాఫీసు అలవాటు. సీసంతో పోతపోసిన అక్షరానికి ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు ఎటుందో కళ్ళతో చూడకుండా వేళ్ళతోనే పట్టుకుని, వరసలో తిన్నగా నిలబెట్టాలి. ఆవిడ నాన్నగారికి తెనాలిలో చిన్న ప్రెస్సు ఉండేదట. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, కొట్ల ప్రారంభోత్సవాలు. మగపిల్లలు లేని ఇల్లు కావడంతో బడి నుంచి వచ్చి ఆవిడే అక్షరాలు కూర్చేవారట. అప్పటి వేళ్ళు అవి. చొక్కా గుండీ దొరికినా, పటిక బెల్లం ముక్క దొరికినా, మాటల్లో పడి ఆ గాటు వెతుకుతూనే ఉండేవారు.

ఇంకొకటి, ఆవిడ నోటి నుంచి "బాగుంది" అన్న మాట రాదు. నా చేతి గుత్తొంకాయ తిని ఊరంతా మెచ్చుకుంటారు కదా, ఆవిడ మాత్రం "సరిపోయింది" అనేవారు. ఉప్పు సరిపోయిందా, కారం సరిపోయిందా అని అడిగితే, "అన్నీ గడిలో పడ్డాయమ్మా, ఇంకేం కావాలి?" అనేవారు. పేజీలో అక్షరాలన్నీ ఇరుగ్గా వదులుగా కాకుండా బిగిసి కూర్చుంటే వాళ్ళ నాన్నగారు అనే మాటట అది. దానికి మించిన మెప్పు ఆ ఇంట్లో లేదట.

నది ఒడ్డున, తెల్లవాళ్ళు ఓడల్లో వచ్చి మొదట్లో కట్టుకున్న ఊళ్ళలో ఒకటుంది. అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి కారులో గంట పైన పడుతుంది. ఇప్పుడా ఊరంతా మ్యూజియమే. ఇళ్ళు ఆ కాలంలో ఎలా ఉండేవో అలాగే ఉంచారు. ఆ కాలం బట్టలు వేసుకున్న మనుషులు గుర్రానికి లాడాలు కొట్టి, కొవ్వొత్తులు పోసి చూపిస్తారు. అక్కడ ఒక అచ్చాఫీసు ఉంది. చెక్కతో చేసిన ప్రెస్సు, తోలుతిత్తి లాంటి వాటితో సిరా అద్దడం, తడికాగితం మీద అచ్చు తీసి, చీరలు ఆరేసినట్టు తీగల మీద ఆరేయడం. రిటైరయ్యాక ఆవిడ చేరింది అందులో. జీతం లేదు. తెల్ల కుచ్చుల టోపీ, కింద దాకా గౌను, ముందు సిరా మరకల ఏప్రన్, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు.

ఆ బొట్టు ఆ కాలానిది కాదు, తీసేస్తే బాగుంటుందని అక్కడివాళ్ళు మొదట్లో అన్నారట. "ఆ కాలానిదే. అదే కాలంలో మా ఊళ్ళో మా ముత్తవ్వగారి ముత్తవ్వ కూడా పెట్టుకునే ఉంటుంది. కాలం సరిపోయింది, ఊరే తేడా," అని ఆవిడ జవాబు. తర్వాత ఎవరూ అడగలేదు.

నాన్నగారి ప్రెస్సు మూతపడ్డాక ఆ తెలుగు అక్షరాలను ఇండియా వెళ్ళినప్పుడల్లా కొన్ని కొన్ని సూట్‌కేసులో తెచ్చుకున్నారు. ఎయిర్‌పోర్టులో ఒక ఆఫీసరు సూట్‌కేసు ఎత్తలేక, "ఇందులో ఏముంది?" అంటే, "నా భాష" అన్నారట. "ఇంత బరువా?" అన్నాడట అతను. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా అక్కడ ఆగి, టోపీ సర్దుకుని, మనం నవ్వేదాకా చూసేవారు.

అచ్చాఫీసు పక్కనే ఒక చిన్న లైబ్రరీ గది. అద్దాల బీరువా ఒకటి, అందులో తోలు అట్టల పుస్తకాలు. ఆ రోజుల్లో ఊళ్ళో కలిగినవాళ్ళు చందాలు వేసుకుని లండన్ నుంచి పెట్టెడు పుస్తకాలు తెప్పించుకునేవారట. చందా కట్టినవాళ్ళకే పుస్తకం ఇంటికి. మిగతావాళ్ళకి సత్రం మెట్లు. ఓడలో పేపరు వస్తే చదవడం వచ్చినవాడు ఒకడు ఆ మెట్ల మీద నిలబడి చదివేవాడు, ఊరంతా కింద నిలబడి వినేది. ఆవిడ ఇవన్నీ వచ్చినవాళ్ళకి చెప్పేవారు. పిల్లలు ఎంత ముచ్చటపడుతున్నా చివర ఒక కాగితం తీసి చూపించకుండా పంపేవారు కాదు. పారిపోయిన బానిస మనిషిని పట్టిస్తే బహుమానం ఇస్తామని ఆ కాలం పేపర్లో పడ్డ ప్రకటనకి అచ్చు నకలు అది. ఎత్తు, రంగు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో అన్నీ ఉంటాయి. "పుస్తకాల గురించి వేసిన అక్షరాలతోనే ఇదీ వేశారు," అనేవారు. "అక్షరం దేవతేం కాదు. ఎవడి చేతిలో ఉంటే వాడి పని చేస్తుంది." ఆ మాట విన్నప్పుడల్లా నాకు అనిపించేది, తన గురించి ఏం రాశారో ఆ మనిషికి చదవడం కూడా వచ్చి ఉండదు.

ఇప్పుడు నా సంగతి.

నేను ఇంటికి పెద్దపిల్లని. వెనక నలుగురు. వాళ్ళని ఎత్తుకోవడమే నా బడి. మా మేనత్త కొడుకు ఇంజినీరై అమెరికాలో ఉద్యోగం తెచ్చుకుని కూడా, ఇచ్చిన మాట తప్పనని నన్నే చేసుకున్నారు. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం పలక మీద నాకు అఆలు నేర్పాలని చూశారు. ఆయనకి ఓపిక తక్కువ, నాకు ఏడుపు ఎక్కువ. "సరేలే, నేనున్నానుగా," అన్నారు. ఉన్నంతకాలం అన్నీ ఆయనే చదివి వినిపించారు. ఉత్తరాలు, మందుల సీసాలు, సీరియళ్ళు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరాలు రావు. అమ్మకి ఇంగ్లీషు రాదు, తెలుగు వచ్చు అని దాని లెక్క. నా పుట్టినరోజుకి తెలుగు వారపత్రికకి చందా కట్టేది. నేను సోఫాలో కూర్చుని పేజీలు తిప్పేదాన్ని. వాళ్ళ నాన్న పోయాక కూడా తిప్పేదాన్ని. మా తెలుగువాళ్ళేమో, నాకు ఇంగ్లీషు రాక ఫారాలు నింపలేనని అనుకునేవారు. ఒకళ్ళ ముందు ఒక సాకు, ఇంకొకళ్ళ ముందు ఇంకొకటి. మధ్యలో నేను తల ఊపుతూ బతికాను. ఎవరేం చూపించినా తల ఊపడం. అందులో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆవిడని మొదట కలిసింది మనవల్ని తీసుకుని మ్యూజియానికి వెళ్ళినప్పుడే. మేం తెలుగువాళ్ళమని తెలియగానే ఎగిరి గంతేసి, లోపలి నుంచి ఒక చెక్క పళ్ళెం తెచ్చారు. అందులో తెలుగు అక్షరాలు వరసగా బిగించి ఉన్నాయి. "చూడండి, చూడండి," అని నా ముందు పెట్టారు. నేను చూసి, "చాలా బాగుందండీ," అన్నాను. దాని మీద తీసిన అచ్చుకాగితం కూడా పెట్టారు. దాన్నీ చూసి, "చాలా బాగుందండీ," అన్నాను. ఆవిడ వేళ్ళు గాటు వెతికాయి. వెళ్ళేటప్పుడు నా ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు.

రెండు రోజుల తర్వాత ఫోన్.

"పిల్లా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా పక్కన?"

"లేరండీ."

"నీకు చదవడం రాదు కదూ?"

ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. ఆవిడే అన్నారు: "అచ్చు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. చదువొచ్చినవాడు ఎవడైనా వాటిని చూడగానే తల ఒక పక్కకి వంచుతాడు. వంచకుండా ఉండలేడు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కోడిపుంజుల్లా వంచుతారు. నువ్వు వంచలేదు. దాన్నీ కాగితాన్నీ ఒకేలా చూశావు."

నేను ఫోన్ పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది.

"పెట్టేస్తే పోతుందనుకున్నావా? మంగళవారం మధ్యాహ్నాలు అచ్చాఫీసుకి జనం ఉండరు. నేనే వచ్చి కారులో తీసుకెళ్తాను. పప్పుచారు తే. నాకు వంటంటే విసుగు."

నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. కాదంటే ఎవరికైనా చెప్పేస్తారేమోనన్న భయమే ఎక్కువ అనుకుంటాను. ఆవిడ ఎవరికీ చెప్పే మనిషి కాదని అప్పటికి నాకు తెలియదు. మా అమ్మాయికి మ్యూజియంలో సాయానికి వెళ్తున్నానని చెప్పాను. "అమ్మా, నువ్వు వాలంటీర్ చేస్తున్నావా! ఐయామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ," అని కౌగిలించుకుంది. ఆ కౌగిలింతకి నేను కుంచించుకుపోయాను.

మొదటి రోజు నా అరచేతిలో ఒక అక్షరం పెట్టారు. చల్లగా, బరువుగా ఉంది.

"ఏం చూస్తున్నావు?"

"అక్షరం, అక్కయ్యగారూ."

"చూడకు. పట్టుకో. ముందు పరిచయం కానీ. చదువు తర్వాత."

అలా పట్టుకుని, అక్షరాల పెట్టెలో దాని గడిలో వేసి, గడిలో నుంచి తీసి నేర్చుకున్నాను. సీసం కదా, పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. "చేతులు కడుక్కో," అనేది ఆవిడ నమస్కారం, వీడ్కోలు కూడా. బుజ్జగించడం తెలియదు. తప్పు గడిలో వేస్తే, "వంకాయల్లో బెండకాయలు కలుపుతావా ఇంట్లో?" అని కసిరేవారు. ఒకసారి అక్కడ పనిచేసే ఒక తెల్లావిడ హఠాత్తుగా లోపలికి వస్తే నేను గబుక్కున అక్షరాలన్నీ చీర కొంగు కింద దాచాను. ఆ తెల్లావిడ వెళ్ళేదాకా ఆగి అక్కయ్యగారు, "ఏం పిల్లా, అది దొంగసొమ్మా? కాలేజీ కుర్రాళ్ళు సిగరెట్టు దాచినట్టు దాస్తున్నావు," అన్నారు.

"సిగ్గేసింది అక్కయ్యగారూ."

"నీకు అరవై దాటాయి. ఇంకా సిగ్గుపడటానికి టైమెక్కడిది?"

నవ్వాను గాని సిగ్గు పోలేదు. ఒకరోజు మా షాంటిలీ ఇండియన్ కొట్లో పచ్చడి సీసా మీద "గోంగూర" అని కూడబలుక్కుని పైకే చదివేశాను. "అవును ఆంటీ, గోంగూరే, ఫ్రెష్ స్టాక్," అన్నాడు కొట్టతను. ఆనందం ఆగలేదు. బయటికి వస్తూనే, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. నా తీరు అది.

ఆ ఊళ్ళో ప్రతి వసంతంలో ఒక శనివారం పేపరు పండగ చేస్తారు. ఓడలో పేపరు వచ్చినట్టు, సత్రం మెట్ల మీద నిలబడి ఒకరు చదువుతారు. తెలుగులో కూడా ఒక కాగితం అచ్చువేసి చదవాలని ఆవిడ పట్టుబట్టి ఒప్పించారు. మన కుటుంబాలు భోజనాలు వండుకుని వస్తాయి. ఆ ఏడు, "నువ్వు చదువు," అన్నారు.

"అమ్మో, నావల్ల కాదు."

"నాలుగు చిన్న వార్తలు. రెండు నెలలు టైముంది. నీకు వచ్చు. నెమ్మదిగా వచ్చు, అంతే."

ఆ నెమ్మదే నా భయం. వేలు పెట్టి, ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివితే చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. డాక్టర్లు, వాళ్ళ భార్యలు, అన్నిటికీ మించి మా అమ్మాయి. "అమ్మా, నువ్వు చదువుతున్నావట! అందరం వస్తాం, వీడియో తీస్తాను," అని అప్పటికే ఎగురుతోంది. నేను ఒక పని చేశాను. "మీరెలా పలుకుతారో ఒక్కసారి వినిపించండి," అని ఆవిడ చేత చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వింటూ వింటూ మొత్తం నోటికి పట్టేశాను. నాకు చదువు లేదు గాని జ్ఞాపకం ఉంది. కాగితం పట్టుకుని కళ్ళు ఎడమ నుంచి కుడికి తిప్పడం అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను. మంగళవారాలు ఆవిడ ముందు కూడా అలాగే చదివాను. ఆవిడ విని, "సరిపోయింది," అన్నారు. ఏడాదంతా నాకు నేర్పిన మనిషిని, ఆవిడ నేర్పినదాన్ని పక్కనపెట్టి మోసం చేశాను. ఆ రోజు చేతులు మరీ ఎక్కువసేపు కడుక్కున్నాను.

పండగ రోజు పొద్దుట్నుంచి మబ్బు. వెనకటి పేపర్లవాళ్ళ పద్ధతి ఒకటుంది. పేజీ బిగించాక కూడా కొత్త కబురు వస్తే, చివరి వార్త విప్పి దాని స్థానంలో కొత్తది పెడతారు. పొద్దున తప్పులు చూసుకోవడానికి ఒక అచ్చు, అంటే ప్రూఫు, తీసుకున్నాక, వాన వస్తుందని మ్యూజియంవాళ్ళు భోజనాలు నది ఒడ్డు నుంచి చర్చి హాల్లోకి మార్చారు. ఆవిడ చివరి వార్త విప్పి, మార్చి, కొత్తగా అచ్చు తీశారు. ఆ తడికాగితం పట్టుకుని మెట్ల దగ్గరికి పరుగున వచ్చి నా చేతిలో పెట్టారు. డప్పులు మోగుతున్నాయి. "చివరిది చూసుకో పిల్లా," అన్నారు.

నేను తల ఊపాను.

నా గొంతు బాగా వచ్చింది. కళ్ళు బాగా తిరిగాయి. ఓడ వచ్చిందన్న వార్త, పుస్తకాల పెట్టె వచ్చిందన్న వార్త, లైబ్రరీ తలుపులు తీస్తారన్న వార్త. చివర, "మధ్యాహ్న భోజనాలు నది ఒడ్డున, అందరూ రావాలి," అన్నాను. చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది. అక్కయ్యగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వెనకే నిలబడి ఉన్నారు. నేను తిరిగి చూసేసరికి ఆవిడ ముఖం నాకేమీ అర్థం కాలేదు. ఏదో చెప్పబోయారు. అప్పటికే జనం అల్యూమినియం ట్రేలు ఎత్తుకుని నది వైపు నడుస్తున్నారు. ఆవిడ వాళ్ళ వెనక ఆ గౌను పట్టుకుని కేకలేస్తూ వెళ్ళారు గాని, డప్పుల్లో ఎవరికీ వినబడలేదు.

వాన ఒక్కసారిగా దిగింది. పట్టుచీరలు, పులిహోర ట్రేలు, పెరుగన్నం, అన్నీ నీళ్ళు. అచ్చాఫీసు గుమ్మం దగ్గర కాగితం తీసుకుని చదువుకున్న నలుగురైదుగురు మాత్రం చర్చి హాల్లో పొడిగా కూర్చుని, మిగతావాళ్ళు ఎందుకు రాలేదా అని ఎదురుచూస్తున్నారట. తడిసినవాళ్ళందరూ ముద్దగా హాల్లోకి వచ్చారు.

"ఏమండీ, మీ పేపరు మమ్మల్ని ఏట్లోకి తోసిందేంటండీ?" అన్నారు ఒక డాక్టరుగారు జుట్టు పిండుకుంటూ. గుండె డాక్టరు, రిటైరయ్యారు, నోరు పెద్దది.

"ఇందులో హాలనే ఉందండీ," అంది వాళ్ళావిడ, పొడి కాగితం చూపిస్తూ. "మీరే చదవలేదు."

"నేను చదవడం దేనికి? ఈవిడ చదివిందిగా మైకులాంటి గొంతుతో, నది ఒడ్డని!"

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో కాగితం అలాగే ఉంది. మా అమ్మాయి నవ్వుతూ, "అమ్మా, నీ దాంట్లో ఏముంది?" అని చెయ్యి చాపింది. దానికి చదవడం రాదు, పక్కన డాక్టరుగారికి ఇస్తుంది.

"ఆమె సరిగ్గానే చదివింది," అన్నారు అక్కయ్యగారు. టోపీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నేనే కంగార్లో ఆమెకి పొద్దుటి ప్రూఫు ఇచ్చాను. మార్చక ముందుది. తప్పు నాది."

తప్పు కాగితం తన గుమ్మం దాటదని ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి. మన సంఘం సావనీర్లో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, పోస్టులో వెనక్కి పంపే మనిషి. ఇలాంటి రోజు కోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో నాకు అప్పుడు తెలిసింది.

"ప్రెస్సువారి అమ్మాయి కూడానా!" అన్నారు డాక్టరుగారు. "రాసిపెట్టుకోండయ్యా!"

"ఎర్ర పెన్ను ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నారు ఇంకెవరో. హాలంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వారు.

"ఉంటే ఇవ్వండి బాబూ, నేనే దిద్దుకుంటాను," అన్నారు.

నేను కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను. సిరా ఇంకా ఆరలేదు. అరచేతికి అంటింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అందరికీ వడ్డించాను. పులిహోర నీళ్ళు వంచి మరీ వడ్డించాను.

వెళ్ళేముందు మ్యూజియాన్ని నడిపే మేనేజరు పిల్ల, మర్యాదగానే, ఆవిడతో అంది. వచ్చే ఏడాది నుంచి తెలుగు కాగితాన్ని ఇంకెవరైనా ఒకసారి సరిచూశాకే బయటికి ఇద్దామని. ఆవిడ తల ఊపారు. నాకు బాగా తెలిసిన తల ఊపు అది.

కారులో మా అమ్మాయి అంది: "పాపం ఆంటీ. షి ఈజ్ గెటింగ్ ఓల్డ్, అమ్మా. ఇంక ఈ పని ఆపితే బెటర్ ఏమో. ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి. నువ్వే చెప్పు, నీకు క్లోజ్ కదా."

ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. సిరా పోలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయిని కారు తియ్యమన్నాను. "ఆంటీతో మాట్లాడటానికా?" అంది. అవునన్నాను. దారంతా అది ఎలా చెప్పాలో నాకు నేర్పుతూనే ఉంది. బాధపడకుండా, గౌరవంగా, ముందు థాంక్స్ చెప్పి.

అచ్చాఫీసులో ఆవిడ నిన్నటి అక్షరాలకి అంటిన సిరాని బ్రష్షుతో కడుగుతున్నారు. ఆ మేనేజరు పిల్ల బల్ల దగ్గర ఏవో లెక్కలు చూసుకుంటోంది. నన్ను చూసి ఆవిడ, "వచ్చావా, చేతులు..." అని మొదలుపెట్టారు. నేను ఆగలేదు. తిన్నగా ఆ పిల్ల ముందుకి వెళ్ళాను. నాకొచ్చింది కొట్లో బేరమాడే ఇంగ్లీషు. దాంతోనే చెప్పాను.

"పేపర్ కరెక్ట్. షి గివ్ మి కరెక్ట్ పేపర్. ఐ నాట్ రీడ్. ఐ డోంట్ నో రీడింగ్."

బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

మా అమ్మాయి నవ్వుతూ ముందుకొచ్చింది. "షి మీన్స్ ఇంగ్లీష్," అంది ఆ పిల్లతో. "మై మామ్ రీడ్స్ తెలుగు ఆల్ ద టైమ్."

"కాదమ్మా," అన్నాను. "తెలుగే."

అది నా వైపు చూసింది. నాకు ఆ చూపు గురించి రాయడం రాదు. సంచిలో నుంచి నిన్నటి కాగితం తీసి బల్ల మీద పరిచాను. నలిగి, సిరా అక్కడక్కడా అలుక్కుపోయి ఉంది. చివరి వార్త కింద వేలు పెట్టాను. మ, ధ్యా, హ్న. ఒక్కొక్కటే. అమ్మాయి నా వేలునే చూస్తోంది. దాని కొడుకు ఒకటో తరగతిలో చదివినప్పుడు అలాగే చూసేది. నేను చదివేది తప్పో ఒప్పో దానికి తెలియదు. ఆ పిల్లకీ తెలియదు. ఆ గదిలో తెలిసింది ఒక్క ఆవిడకే.

"చర్చి" దగ్గర ఒత్తులో ఇరుక్కుని ఆగిపోయాను. తల ఎత్తి చూడలేదు. ఆవిడ అందిస్తారేమోనని ఆగాను. అందించలేదు. వెనక్కి వెళ్ళి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముఖమంతా మండుతోంది. చివరి మాట అయ్యేదాకా ఆ బ్రష్షు కదల్లేదు.